పక్క స్థలంలో 40 అంతస్తులు వస్తాయంటే 15 రోజుల్లో ఏం రాయాలి

మీరడిగింది ముందు నా మాటల్లో చెప్తా, కరెక్టో కాదో చూస్కోండి. హైదరాబాద్ శివార్లలో మీ కాలనీ, పక్కనే మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలం 3 ఎకరాలు, దాన్ని మాన్యుఫాక్చరింగ్ జోన్ నుంచి రెసిడెన్షియల్ జోన్‌కి మార్చబోతున్నామని పేపర్లో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నోటిఫికేషన్ పడింది. అభ్యంతరాలకి 15 రోజులు టైం, అందులో 4 రోజులు వాట్సాప్ గ్రూపులో తిట్టుకోడానికే అయిపోయాయి (మీరే రాశారు, నేను అనలేదు). బిల్డర్ 40 అంతస్తులు లేపుతాడని టాక్, మీవన్నీ జీ ప్లస్ 2 ఇళ్ళు. అసోసియేషన్ తరఫున "హైట్ 5 అంతస్తులకి తగ్గించండి" అని లెటర్ ఇస్తే పని జరుగుతుందా, అసలు వాళ్ళు చదువుతారా అని.

నేను టౌన్ ప్లానింగ్‌లో 31 ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను, అభ్యంతరాల కట్టలు విప్పి నోట్ రాసే సీట్లో చాలా ఏళ్ళు కూర్చున్నా. చదువుతారు. కానీ మీరనుకున్నట్టు "హైట్ తగ్గించండి" అని రాస్తే ఒక్క లైన్‌లో పక్కన పెట్టేస్తారు, దాంట్లో వాళ్ళ తప్పు కూడా లేదు. నోటిఫికేషన్ ఇంకోసారి తీసి చదవండి, అందులో హైట్ అన్న మాటే ఉండదు. సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కి, నాలుగు దిక్కుల హద్దులు, కింద కొన్ని కండిషన్లు, అంతే. వాళ్ళు అడిగింది స్థలం వాడకం మార్చొచ్చా అని, మీరు చెప్పేది ఎత్తు వద్దని. ఫైల్లో "అభ్యంతరం ప్రస్తుత ప్రతిపాదనకి సంబంధించినది కాదు" అని రాస్తే మీ కథ అక్కడితో క్లోజ్.

మరి మన ఊళ్ళో ఎత్తు ఎవరు డిసైడ్ చేస్తారు? ఇది అర్థం కాకుండా లెటర్ మొదలుపెట్టొద్దు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

ముంబై, చెన్నై లాంటి చోట్ల ఎఫ్‌ఎస్‌ఐ అని ఉంటుంది, స్థలానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టుబడి అని సీలింగ్. మన దగ్గర 2006 మార్చిలో వచ్చిన జీవో 86తో ఆ సీలింగ్ తీసేశారు. తర్వాత 2012 ఏప్రిల్‌లో జీవో 168 వచ్చింది, అప్పటి ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి అదే పద్ధతి. ఆ పద్ధతిలో ఎత్తుని పట్టి ఉంచేవి మూడే, కింద చెప్పే అంకెలు 2012 నాటి అసలు టేబుల్‌వి. స్థలం సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్. 18 మీటర్లు, ఆ పైన ఉంటే హైరైజ్ కింద లెక్క, దానికి కనీసం 2000 చదరపు మీటర్ల స్థలం కావాలి. 21 మీటర్ల వరకు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ, 24 వరకు కూడా రోడ్డు అదే చాలు. 30 మీటర్లు లేపాలంటే 18 మీటర్ల రోడ్డు, 10 మీటర్ల ఖాళీ. 45 మీటర్లకి 24 మీటర్ల రోడ్డు, 13 మీటర్ల ఖాళీ. 50 దాటి 55 వరకు 30 మీటర్ల రోడ్డు, అంటే మనం 100 అడుగుల రోడ్డు అంటామే అది, 16 మీటర్ల ఖాళీ. 55 దాటాక ప్రతి 5 మీటర్లకి ఇంకో అర మీటర్ సెట్‌బ్యాక్ కలుపుకుంటూ పోవాలి, పైన "ఇక చాలు" అనే అంకె లేదు. జీవో 168కి తర్వాత సవరణలు చాలా పడ్డాయి కాబట్టి లెటర్లో టేబుల్ కోట్ చేసేముందు సవరణలతో కలిపిన కాపీ దగ్గర పెట్టుకోండి.

ఆ 2012 టేబుల్‌తోనే మీ పక్క 3 ఎకరాలకి లెక్క వేద్దాం. 3 ఎకరాలంటే 12,140 చదరపు మీటర్లు, సుమారు చదరంగా ఉందనుకుంటే 110 బై 110. 40 అంతస్తులు, అంతస్తుకి 3 మీటర్లు, మొత్తం 120. 55 దాటి 65 మీటర్లు, అంటే 13 మెట్లు, 13 అర మీటర్లు ఆరున్నర, దానికి 16 కలిపితే 22.5 మీటర్లు. నాలుగు వైపులా 22.5 వదిలితే మధ్యలో 65 బై 65 మిగులుతుంది. రెండు బ్లాకులు వేస్తే వాటి మధ్య కూడా ఆ లెక్కన ఖాళీ వదలాలి. ఐనా బిల్డర్‌కి పడుతుంది, గిట్టుబాటు అవుతుంది. కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్ల 75 లక్షలకి పోయిందంటే ఎవరైనా పైకి లేపకుండా కింద పరుచుకుంటాడా.

ఇప్పుడు పాయింట్ ఎక్కడుందో కనపడిందా? 100 అడుగుల రోడ్డు లేకపోతే ఈ లెక్క మొత్తం కూలిపోతుంది. ఆ స్థలం ముందున్న రోడ్డు 40 అడుగులదైతే, అంటే 12 మీటర్లు, ఎత్తు 24 మీటర్ల దగ్గరే ఆగాలి, అంటే ఏడెనిమిది అంతస్తులు. మీరు లెటర్లో 5 అంతస్తులు అని బతిమాలుకునే బదులు రోడ్డు ఎంతుందో కొలిచి చూపిస్తే ఆ టేబులే మీ తరఫున మాట్లాడుతుంది.

కాబట్టి రేపు పొద్దున్నే చేయాల్సిన పని టేపు కొనుక్కోవడం. 30 మీటర్ల ఫైబర్ టేపు, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ట్రాఫిక్ లేని టైంలో, ఆదివారం ఆరింటికి ఇద్దరు వెళ్ళండి. స్థలం గేటు ముందు ఒకచోట, అక్కడి నుంచి మెయిన్ రోడ్డు కలిసేదాకా ప్రతి 50 మీటర్లకి ఒకచోట కొలవండి. తారు వెడల్పు వేరే, ప్రహరీ నుంచి ప్రహరీకి వెడల్పు వేరే, రెండూ రాసుకోండి. టేపు కనపడేలా ఫోటో, ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి. చాలాచోట్ల గేటు ముందు 60 అడుగులు ఉంటుంది, 200 గజాలు పోయాక గుడి దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో 28 అడుగులకి చిక్కిపోతుంది. అభ్యంతరానికి ప్రాణం ఆ చిక్కిపోయిన చోటే. అలాగే 2013 జనవరిలో నోటిఫై అయిన 2031 మెట్రోపాలిటన్ ప్లాన్ (మన మాస్టర్ ప్లాన్) మ్యాప్‌లో ఆ రోడ్డుని ఎంత చూపించారో చూడండి. కాగితం మీద 100 అడుగులు, నేల మీద 40 ఉన్న రోడ్లు మన ఊళ్ళో కొల్లలు. అప్పుడు మీ అభ్యంతరం ఇలా ఉండాలి: మాస్టర్ ప్లాన్ రోడ్డు నేల మీదకి వచ్చాకే ఆ వెడల్పుకి తగ్గ ఎత్తు ఇవ్వాలి, జోన్ మార్పు ఉత్తర్వులోనే ఆ కండిషన్ పెట్టాలి.

అసలు ఈ 15 రోజులు ఎందుకింత ముఖ్యమో కూడా చెప్పాలి. చాలామంది "ఇది దాటిపోయినా పర్మిషన్ టైంలో మళ్ళీ అడుగుతారుగా, అప్పుడు చూద్దాం" అనుకుంటారు. అడగరు. జోన్ మారాక బిల్డింగ్ పర్మిషన్ ఆన్‌లైన్‌లో సింగిల్ విండోలో పోతుంది, 2020 చట్టం ప్రకారం 21 రోజుల్లో తేల్చాలి, పక్కింటివాళ్ళని పిలిచి అడిగే స్టెప్పు అందులో లేదు. "ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్‌కి పబ్లిక్ హియరింగ్ ఉంటుంది కదా సార్" అని నన్ను కనీసం యాభై మంది అడిగుంటారు. 20,000 చదరపు మీటర్ల కట్టుబడి దాటితే క్లియరెన్స్ కావాలి, నిజమే. కానీ 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో బిల్డింగులకీ టౌన్‌షిప్‌లకీ పబ్లిక్ కన్సల్టేషన్ నుంచి మినహాయింపు ఇచ్చేశారు. ఊరవతల సిమెంటు ఫ్యాక్టరీకి టెంటు వేసి మైకు ఇచ్చి అడుగుతారు, మీ గోడ పక్కన 40 అంతస్తులకి అడగరు. మా అమ్మాయి ఉండే టెక్సాస్‌లో ఇలా జోనింగ్ మారుస్తుంటే 200 అడుగుల లోపున్న ఓనర్లకి ఇంటికే ఉత్తరం వస్తుంది, తర్వాత హాల్లో అందరి ముందు నిలబడి మాట్లాడొచ్చు. మన దగ్గర పేపర్లో టెండర్ నోటీసుల మధ్య అగ్గిపెట్టెంత ప్రకటన. దాన్ని మీలో ఒకరు చూశారంటేనే గొప్ప, ఆయనకి ముందు ఒక టీ ఇప్పించండి.

ఇంక లెటర్ సంగతి. ఒక పాత సంగతి చెప్తా, ఏ ఊరో అడక్కండి. ఒక మున్సిపాలిటీలో ఇలాంటిదే ఓపెన్ ప్లేస్ పక్కన స్థలం వాడకం మార్పు వచ్చింది. ఒక కాలనీవాళ్ళు 214 లెటర్లు తెచ్చి ఇచ్చారు, సంచిలో. అన్నీ ఒకటే జిరాక్సు, కింద సంతకం ఒకటే మార్పు. మా సీట్లో ఏం చేశామంటే 214కీ కలిపి ఒకే నంబరు వేసి "ఒకే విషయం, 214 మంది" అని ఒక పేరాలో తేల్చేశాం, రూల్ ప్రకారం అది తప్పు కూడా కాదు. అదే రోజు ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఒక్కడే వచ్చాడు, చేతిలో రెండు పేజీలు, ఒక స్కెచ్. స్థలం తూర్పు హద్దులో నాలా ఉంది, నోటిఫికేషన్ హద్దుల్లో అక్కడ "ఇతరుల భూమి" అని రాశారు, ఇదిగో గ్రామ నక్షా కాపీ, ఇదిగో నేను కొలిచిన వెడల్పు అని. ఆ రెండు పేజీలకి మేం సైట్ ఇన్‌స్పెక్షన్‌కి పోవాల్సి వచ్చింది, ఇరిగేషన్‌కి లెటర్ పెట్టాల్సి వచ్చింది, ఫైలు ఎనిమిది నెలలు కదల్లేదు, చివరికి నాలా బఫర్ వదిలాకే మిగతాదానికి మార్పు ఇచ్చారు. 214 సంతకాలు చేయలేనిది ఒక టేపు చేసింది. మాస్టారు అక్కడికొచ్చి ఎవర్నీ తిట్టలేదు కూడా, "కొంచెం మంచినీళ్ళు ఉంటే ఇప్పించండి" అన్నాడు, అంతే.

కాబట్టి జిరాక్సులు వద్దు. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒకటి, తీర్మానం కాపీతో. దాంతోపాటు నిజంగా దెబ్బ తగిలే ఇళ్ళవాళ్ళు, అంటే ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు, ఎవరి సమస్య వాళ్ళు ఎవరి మాటల్లో వాళ్ళు విడివిడిగా రాయండి, తెలుగులో రాసినా పర్లేదు, చేత్తో రాసినా పర్లేదు. ఒకరు నాలా గురించి, ఒకరు రోడ్డు గురించి, ఒకరు డ్రైనేజీ గురించి. ఇలా వస్తే ఒక్కోదానికీ విడిగా జవాబు రాయాలి, అప్పుడు కింది సీటు నుంచి పై సీటు దాకా ఎవరో ఒకరు ఆగి చదువుతారు.

ఏం రాయాలో కొన్ని లెక్కలు ఇస్తా, మీ స్థలానికి తగ్గట్టు మార్చుకోండి. మొదట నీళ్ళు. రెండు బ్లాకులు, అంతస్తుకి 8 ఫ్లాట్లు, 40 అంతస్తులంటే 640 ఫ్లాట్లు, ఇంటికి నాలుగున్నర మంది లెక్కన 2,880 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది ప్రామాణిక లెక్క, కాబట్టి రోజుకి 3 లక్షల 89 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 78. మీ కాలనీకి ఇప్పుడు రోజు విడిచి రోజు నీళ్ళొస్తుంటే ఆ టైమింగ్స్ రాసి, వాటర్ బిల్లు కాపీ పెట్టి, ఈ 78 ట్యాంకర్లు ఏ పైపులోంచి వస్తాయి అని అడగండి. వాడిన నీళ్ళలో 80 శాతం మురుగు కింద బయటికి రావాలి, మీ వీధిలో ఉన్నది ఎన్ని అంగుళాల లైనో లైన్‌మన్‌ని అడిగితే చెప్తాడు. వానాకాలం మ్యాన్‌హోల్ పొంగిన ఫోటోలు మీ గ్రూపులో ఎలాగూ వందుంటాయి, తేదీ కనపడేవి మూడు చాలు.

రెండోది నీడ. దీన్ని ఎవరూ రాయరు, రాస్తే బాగా పడుతుంది. హైదరాబాద్ పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గరుంది. డిసెంబర్ 21 చుట్టుపక్కల మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణంగా 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 120 మీటర్ల టవర్ నీడ అప్పుడు ఉత్తరం వైపు 104 మీటర్లు పడుతుంది. సెట్‌బ్యాక్ 22 మీటర్లు తీసేస్తే గోడ దాటి ఇంకా 80 మీటర్లు, అంటే మీ కాలనీ ఆ స్థలానికి ఉత్తరంగా ఉంటే రెండు వీధుల ఇళ్ళ మీద. పొద్దున, సాయంత్రం ఇంకా పొడుగు. మీరు కాలనీ ఏ దిక్కున ఉందో రాయలేదు. ఉత్తరాన ఉంటే ఎన్ని ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు, సోలార్ గీజర్లు ఉన్నాయో లెక్కపెట్టి పెట్టండి. దక్షిణాన ఉంటే ఈ పాయింట్ మర్చిపోండి, నీడ మీవైపు దాదాపు పడదు, పడుతుందని రాస్తే మిగతా లెటర్ కూడా నమ్మరు.

మూడోది దగ్గర్లో చెరువో నాలానో ఉంటే. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్. ఫ్యాక్టరీలు కట్టిన రోజుల్లో నాలాల్ని ప్రహరీ లోపలికి కలిపేసుకున్నవి చాలా ఉన్నాయి, పాత గ్రామ నక్షా తీసి ఒకసారి చూడండి. ఇప్పుడు అందరికీ చెరువుల ఆక్రమణలు కూలగొట్టే హైడ్రా భయం ఉంది కాబట్టి ఈ పాయింట్ 2024కి ముందుకంటే బాగా పనిచేస్తోంది.

ఎయిర్‌పోర్టు ఎన్‌ఓసీ (ఎత్తుకి అభ్యంతరం లేదనే కాగితం) గురించి కూడా అడిగారు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఇన్ని రన్‌వేలున్న ఊరిది. 2015లో కేంద్రం ఇచ్చిన రూల్స్ ప్రకారం కలర్ కోడెడ్ మ్యాపులు ఉంటాయి, ఏ గడిలో ఎంత ఎత్తు వరకు పర్వాలేదో అందులో ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆ అంకెలు నేల నుంచి కాదు, సముద్రమట్టం నుంచి. మన నేలే సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. మొన్న ఎవరో 630 అని చూసి "630 మీటర్లు కట్టుకోవచ్చంట" అని ఫార్వర్డ్ చేస్తున్నారు, అది నేల ఎత్తు తీసేసి చూడాలి నాయనా.

ఏం రాయకూడదో కూడా చెప్పేస్తా. "బయటివాళ్ళు వస్తారు", "మా స్టాండర్డ్ పడిపోతుంది", "మా ప్లాట్ల రేట్లు తగ్గుతాయి" ఇలాంటివి రాస్తే చదివేవాడికి చిరాకు, పైగా టవర్ వస్తే మీ రేట్లు పెరుగుతాయి, ఆ సంగతి అక్కడ కూర్చున్నాయనకి మీకంటే బాగా తెలుసు. ఇంకోటి, చెప్తే కోపం తెచ్చుకోవద్దు. జీ ప్లస్ 2 పర్మిషన్ మీద పెంట్‌హౌస్ వేసినవాళ్ళు, సెట్‌బ్యాక్‌లో మెట్లు కట్టి కింద పార్కింగ్ స్టిల్ట్‌లో మల్గీలు (షాపులు) పెట్టినవాళ్ళు మీ కాలనీలో ఉండే ఉంటారు, ప్రతి కాలనీలో ఉంటారు. వాళ్ళ సంతకం లెటర్లో మొదటిది కాకుండా చూస్కోండి. బిల్డర్ లాయరు మొదట తీసేది మీ ఇళ్ళ గూగుల్ ఫోటోలే.

ఇంకో మాట, ఇది నా సొంత అభిప్రాయం. ఎత్తు అంటే చెడ్డ, పొట్టి అంటే మంచి అనుకోవద్దు. అదే 3 ఎకరాల్ని ముక్కలు చేసి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లతో కిక్కిరిసేలా నింపితే మీ గోడకి నాలుగైదు మీటర్ల దూరంలో వంటింటి ఎగ్జాస్ట్‌లు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, మనుషులు మాత్రం సగానికి పైనే. టవర్ ఐతే 22 మీటర్ల అవతల ఉంటుంది, మధ్యలో చెట్లుంటాయి. మీకు నిజంగా కావల్సింది అంతస్తులు తగ్గడమా, లేక గేటు మీ 30 అడుగుల వీధిలోకి తెరవకపోవడమా? కూర్చుని తేల్చుకోండి. నా అనుభవంలో కాలనీలని చంపేది ఎత్తు కాదు, గేటు. పొద్దున ఎనిమిదింటికి స్కూలు బస్సులు, 640 ఇళ్ళ కార్లు, పాలవాళ్ళు, డెలివరీ బండ్లు అన్నీ మీ వీధిలోంచి పోతుంటే పైన 40 ఉన్నా 14 ఉన్నా ఒకటే.

అందుకే లెటర్ చివర "వద్దు" అని వదిలేయొద్దు. నోటిఫికేషన్‌లోనే "అభ్యంతరాలు, సూచనలు" అని ఉంటుంది, ఆ రెండో మాటని ఎవరూ వాడుకోరు. మార్పు ఇచ్చేట్టైతే ఈ కండిషన్లు ఉత్తర్వులో పెట్టండి అని రాయండి: ఎంట్రీ, ఎగ్జిట్ మెయిన్ రోడ్డు వైపే, కాలనీ వీధిలోకి గేటు గాని, మనుషులు నడిచే చిన్న వికెట్ గేటు గాని ఉండకూడదు. కాలనీ వైపు హద్దులో చెట్ల బెల్టు. మాస్టర్ ప్లాన్ రోడ్డులో పోయే భాగం ముందే గిఫ్ట్ డీడ్ చేసి అప్పగించాలి. ఎస్‌టీపీ (మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు) కాలనీ గోడకి దూరంగా. సెల్లార్ తవ్వేముందు పక్క ఇళ్ళ కండిషన్ ఫోటోలతో రికార్డు చేయాలి, రాతి నేల ఐతే బ్లాస్టింగ్ వద్దు, కటింగే చేయాలి. ఈ ఆఖరిది చాలా ముఖ్యం, మన ఊళ్ళో గోడలు పగిలేది టవర్ లేచినప్పుడు కాదు, గుంత తవ్వినప్పుడు. మామూలుగా ఉత్తర్వులో "ఈ మార్పు టైటిల్‌కి ప్రూఫ్ కాదు" లాంటి స్టాండర్డ్ కండిషన్లు ఎలాగూ ఉంటాయి, వాటి కింద మీవి రెండు చేరినా మీరు గెలిచినట్టే.

బిల్డర్ మనిషి మీ దగ్గరికి వస్తాడు, టీ పార్టీ పెడతాడు, కమ్యూనిటీ హాలుకి రంగులేయిస్తా, గుడికి గోపురం కట్టిస్తా, సీసీ కెమెరాలు పెట్టిస్తా అంటాడు. వెళ్ళండి, తాగండి, తప్పేం లేదు. కానీ ప్రెసిడెంటు ఒక్కడే వెళ్ళకుండా ఐదుగురు వెళ్ళండి, లేకపోతే రేపు ఆయన ఏం తప్పు చేయకపోయినా కవర్ తీసుకున్నాడంటారు. నోటి మాట ఏదీ లెక్కలోకి రాదు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద ఇచ్చిన హామీ కూడా మీకూ ఆయనకీ మధ్యే, స్థలం ఇంకొకడికి అమ్మేస్తే గాలికి పోతుంది. ప్రభుత్వ ఉత్తర్వులో కండిషన్‌గా ఎక్కితే స్థలంతో పాటు పోతుంది. తేడా అక్కడుంది.

ఆర్‌టీఐ వేద్దామా అన్నారు. వేయండి, కానీ జవాబుకి 30 రోజులు, మీ గడువు 15. కాబట్టి కాపీలు అడిగే బదులు ఫైలు చూడనివ్వండి అని అడగండి, చట్టంలో ఇన్‌స్పెక్షన్ హక్కు ఉంది. రేపే ఆఫీసుకి వెళ్ళి ఆ అప్లికేషన్ ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే లెటర్లో "ఫలానా తేదీన ఫైలు చూడటానికి అడిగాం, చూపించలేదు, చూశాక అదనపు అభ్యంతరాలు ఇచ్చే హక్కు ఉంచుకుంటున్నాం" అని ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం ఇప్పుడు ఎందుకూ పనికిరానట్టు ఉంటుంది, తర్వాత హైకోర్టులో రిట్ వేసే పరిస్థితి వస్తే లాయరు మొదట వెతికేది అదే.

కోర్టు అంటే గుర్తొచ్చింది, నోయిడా జంట టవర్ల సంగతి మీ గ్రూపులో కూడా తిరిగే ఉంటుంది, 2022 ఆగస్టు 28న తొమ్మిది సెకన్లలో కూలగొట్టారుగా. దాన్ని ఎత్తు ఎక్కువైందని కూల్చలేదు. పక్క టవర్‌కీ దానికీ మధ్య 16 మీటర్లు ఉండాల్సిన చోట దాదాపు 9 మీటర్లే వదిలారని, ఓనర్ల సమ్మతి తీసుకోలేదని. అక్కడి అసోసియేషన్ వాళ్ళు 2012లో అలహాబాద్ హైకోర్టుకి వెళ్ళి 2014లో గెలిచి, 2021 ఆగస్టులో సుప్రీంకోర్టులో మళ్ళీ గెలిచారు. మీటర్లు పట్టుకున్నారు కాబట్టి నిలబడింది. ఇంకా వెనక్కి పోతే 1991లో బెంగుళూరు కేసు, పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకి ఇస్తే ఆ ఏరియా జనం వెళ్ళి కొట్టేయించారు, సుప్రీంకోర్టు అక్కడే చెప్పింది చుట్టుపక్కల ఉండేవాళ్ళకి అడిగే హక్కు ఉందని. కాబట్టి "మీకేం సంబంధం" అని ఎవరన్నా అంటే భయపడకండి. కానీ గడువులోపు కాగితం ఇవ్వనివాళ్ళు కోర్టుకి పోతే మొదటి ప్రశ్నే "అప్పుడేం చేస్తున్నారు" అని.

కింద కామెంట్లలో విజయవాడ ఆయన అడిగారు ఆంధ్రాలో కూడా ఇంతేనా అని. పద్ధతి ఒకే ఇంటిదే గాని మీకు 2017లో వేరే రూల్స్ వచ్చాయి, జీవో 119, ఆ టేబుళ్ళు, వాటి సవరణలు చూడాలి, హైదరాబాద్ అంకెలు తీసుకెళ్ళి అక్కడ రాయకండి. వైజాగ్ ఐతే ఎయిర్‌పోర్టు నేవీది కాబట్టి ఎత్తు ఎన్‌ఓసీ వాళ్ళ దగ్గర్నుంచి రావాలి.

చివరగా గడువు. పేపర్లో పడిన తేదీ నుంచి 15 రోజులు లెక్క, మీరు చూసిన రోజు నుంచి కాదు. మీరిచ్చిన తేదీ ప్రకారం ఆఖరి రోజు రెండో శనివారం పడుతోంది, ఆఫీసు ఉండదు, సోమవారం ఇస్తే తీసుకుంటారులే అని ఆ ఆశ పెట్టుకోవద్దు, గురువారమే ఇచ్చేయండి. నోటిఫికేషన్‌లో ఏ అధికారికి పంపమన్నారో సరిగ్గా ఆ హోదాకే, ఆ అడ్రసుకే, సెక్రటేరియట్ అని ఉంటే సెక్రటేరియట్‌కే. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో రెండో కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి, అదే రోజు స్పీడ్ పోస్టులో ఇంకో కాపీ, ఈమెయిల్ ఉంటే అది కూడా. హద్దుల షెడ్యూలు, మీరు కొలిచిన రోడ్డు వెడల్పులు ఇక్కడ పెట్టండి, బుధవారం సాయంత్రంలోపు పెడితే డ్రాఫ్ట్ చూసి పెడతా. ఉత్తరం ఎటో కూడా రాయండి.